పాత కారులో కరెంటు ఎక్కడ పోతున్నది? ఓం నియమంతో ఇంటి దగ్గరే వెదికే పద్ధతి



పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ ప్రవాహం పాఠం మనందరం చదివినదే. ఓం నియమం నిర్వచనం, వలయం పటం, శ్రేణి సంధానంలో ఫలిత నిరోధం, ఇవన్నీ మార్కులు తెచ్చే ప్రశ్నలు గనుక స్టడీ అవర్లో గట్టిగా చదివి అప్పజెబుతాము. పరీక్ష కాగానే పుస్తకంతో పాటు పాఠం కూడా అటక ఎక్కుతుంది. ఈ వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాయమన్నప్పుడు మేము ఆ పాఠాన్నే ఎంచుకున్నాము. కాకపోతే నల్లబల్ల మీద కాకుండా, బానెట్ ఎత్తిన ఒక పాత మారుతి కారు దగ్గర నిలబడి చెప్పుకుందాం.

మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరు 14న మొదటిసారి కొన్నవారి చేతికి వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అదే సంవత్సరం అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. తయారీ ఆగింది కానీ బండ్లు ఆగలేదు. పట్నంలో మొదటి యజమాని, కరీంనగర్‌లో రెండో యజమాని వాడిన తర్వాత మూడో చేతికో నాలుగో చేతికో అవి మన బోయినపల్లి వంటి మండలాలకు చేరాయి. మా ఇంట్లో కూడా అట్లాంటిదే ఒకటి ఉన్నది, కార్బురేటర్ ఉన్న పాత మోడల్. మా బాపు దానిని అప్పు చేసి కొన్నాడు. మా వాడకట్టులో రాత్రిపూట ఎవరికి ఆపద వచ్చినా, కాన్పు నొప్పులైనా, పాము కరిచినా, ముందు మా తలుపే కొడతారు. అటువంటప్పుడు తాళంచెవి తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరుకునే కారు ఇంటి ముందు ఉన్నా లేనట్టే.

ఆ 'టక్' చప్పుడు గురించే ఈ వ్యాసం చాలావరకు.

ముందుగా మనకు బాగా తెలిసిన సంగతితో మొదలుపెడదాం. మన ప్రాంతానికి కరెంటు ఇచ్చేది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అంటే మన 'సెస్'. 1970లో మొదలైంది. లైను చివర ఉన్న పొలంలో బోరు మోటారు వేస్తే ఒక్కోసారి 'గుయ్య్' మని మూలుగుతుంది తప్ప తిరగదు. రైతు ఏమంటాడు? "కరెంటు ఉన్నది గానీ లో వోల్టేజీ" అంటాడు. మోటారు చెడిపోయిందని అనడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ సరిగానే ఉండవచ్చు. దారిలో తీగల నిరోధం కొంత వోల్టేజీని తినేస్తుంది. ఎక్కువ కరెంటు లాగితే ఎక్కువ తింటుంది. ఓం నియమం అదే చెబుతుంది: పోయే వోల్టేజీ = ప్రవాహం × నిరోధం.

పాత కారులో జరిగేది కూడా సరిగ్గా ఇదే. పొలంలో మోటారును అనుమానించని మనం, కారు దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీని, సెల్ఫును, బల్బును అనుమానించి మారుస్తాము. దారిని అనుమానించము.

ఈ నియమం చెప్పిన జార్జ్ సైమన్ ఓం గురించి రెండు మాటలు. ఆయన 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు, బడి చదువు లేనివాడు. సొంతంగా గణితం నేర్చుకొని కొడుకులకు తానే చెప్పాడు. ఓం బడిపంతులుగా పనిచేస్తూ, ఖాళీ దొరికినప్పుడు ప్రయోగాలు చేసి 1827లో తన పుస్తకం అచ్చు వేశాడు. జర్మనీలో మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మన పాఠ్యపుస్తకంలో ఆయన గురించి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. తాళాల పనివాడి కొడుకు అన్న ముక్క కూడా ఉంటే బాగుండేదని మా అభిప్రాయం.

ఇక కారు దగ్గరికి వద్దాం.

కారులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. ఇంట్లో బల్బుకు రెండు తీగలు పోతాయి గదా, కారులో చాలా వస్తువులకు ప్లస్ తీగ ఒక్కటే పోతుంది. తిరిగి వచ్చే దారి కారు ఇనుప బాడీయే. దీనినే మెకానిక్కులు 'ఎర్త్' అంటారు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, దానిని బ్యాటరీ మైనస్‌కూ బాడీకీ కలుపుతూ లావాటి తీగ గానీ అల్లిన రాగి పట్టీ గానీ ఉంటుంది. కొత్త బండిలో ఈ అతుకులన్నీ మెరుస్తూ ఉంటాయి. ఇరవై వానాకాలాలు చూసిన బండిలో బోల్టు కింద తుప్పు, రాగి మీద ఆకుపచ్చ చిలుము, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంటాయి. పైకి చూస్తే తీగ బోల్టుకు బిగించే ఉంటుంది. కానీ అతుకులో కనిపించని నిరోధం కూర్చొని ఉంటుంది.

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బుకు రెండు తీగలు అతికించిన టెస్ట్ ల్యాంపు, ఒక 10 నంబరు పానా, గరుకు కాగితం. ఇవి చాలు.

చెయ్యి పెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు తప్పవు. 12 వోల్టులు షాకు కొట్టదు, నిజమే. కానీ అదే బ్యాటరీ పొరపాటున కలిసిన రెండు కొసల మధ్య కొన్ని వందల ఆంపియర్లు పంపగలదు. ఉంగరం, కడెం, ఇనుప పట్టీ వాచీ తీసి జేబులో వేసుకోవాలి. పానా ఒక కొస ప్లస్‌కు, రెండో కొస బాడీకి తగిలితే పానా ఎర్రగా కాలిపోతుంది, ఉంగరానికి తగిలితే వేలు కాలుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. చార్జింగ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరాదు. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం, కంటిలో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఇంజను నడుస్తుండగా స్పార్క్ ప్లగ్ తీగలు ముట్టుకోవద్దు, అక్కడ వేల వోల్టులు ఉంటాయి.

సరే, మా కారు సంగతి. గత వానాకాలం తర్వాత సెల్ఫ్ కొట్టడం మానేసింది. ఒక షాపులో చూపిస్తే, విప్పకుండానే, కొలవకుండానే, బ్యాటరీ పోయింది, సెల్ఫ్ మోటారు కూడా పోయింది, రెండూ మార్చాలి అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు మా ఇంట్లో రెండు నెలల తిండి ఖర్చు. మా బాపు ఆలోచనలో పడ్డాడు. మేము మాత్రం ఒక్కరోజు గడువు అడిగి మీటరు తెచ్చుకున్నాము.

మొదట బ్యాటరీ. రాత్రంతా కదిలించకుండా ఉంచి పొద్దున కొలిస్తే 12.5 వోల్టులు. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 నుంచి 12.7 దాకా చూపిస్తుంది, 12.2 దగ్గర సగం నిండినట్టు, 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. అంటే మాది ఖాళీ బ్యాటరీ కాదు. అయితే ఊరికే ఉన్నప్పుడు చూపించే వోల్టేజీని చూసి నమ్మకూడదు. కరెంటు లాగుతున్నప్పుడు ఎంత ఉంటుందో చూడాలి. ఒకరు తాళంచెవి తిప్పి పట్టుకుంటే ఇంకొకరు కొలిచారు. సెల్ఫ్ లాగుతున్నప్పుడు బ్యాటరీ రెండు బొడిపెల మధ్య 11.4 వోల్టులు. చెడిపోయిన బ్యాటరీ అయితే అప్పుడు 9 కిందికి జారిపోతుంది. కాబట్టి బ్యాటరీ మంచిదే.

ఇప్పుడు అసలు పరీక్ష. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ బొడిపె మీద, రెండో కొస సెల్ఫ్ మోటారు ప్లస్ బోల్టు మీద పెట్టి తాళంచెవి తిప్పాము. 0.3 వోల్టు. పరవాలేదు. తర్వాత ఒక కొస బ్యాటరీ మైనస్ బొడిపె మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి తిప్పాము. 2.3 వోల్టులు! అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ఆ రెండూ ఒకే దారి రెండు కొసలు. 11.4 లో 0.3 పోయింది, 2.3 పోయింది, మోటారుకు దక్కింది 8.8 మాత్రమే. ఒక వలయంలో ఇచ్చిన వోల్టేజీ అంతా దారిలో పోయిన వోల్టేజీల మొత్తానికి సమానం అన్నది కిర్ఛాఫ్ నియమం. 1845లో ఆయన దానిని చెప్పినప్పుడు ఆయన వయస్సు 21, ఇంకా విద్యార్థే. లెక్క కూడితే సరిపోయింది కాబట్టి దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోయింది.

ఇంజను కింద ఎర్త్ పట్టీ విప్పితే బోల్టు కింద అంతా చిలుము, తుప్పు. గరుకు కాగితంతో పట్టీ కొస, బోల్టు, ఇనుము మూడింటినీ మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం గ్రీజు పూశాము. మళ్లీ కొలిస్తే 2.3 కాస్తా 0.2 అయింది. సెల్ఫ్ మొదటి తిప్పుకే గిర్రున తిరిగింది. ఖర్చు ఒక గరుకు కాగితం. మోటారు మంచిదే, బ్యాటరీ మంచిదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. చాలామంది మీటరును 'బీప్' గుర్తు మీద పెట్టి, తీగ రెండు కొసలు తాకించి, శబ్దం వస్తే తీగ మంచిదని తీర్మానిస్తారు. ఈ పరీక్ష తెగిన తీగను పట్టుకుంటుంది, చెడిన అతుకును పట్టుకోదు. ఎందుకో లెక్క వేద్దాం. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది అనుకుంటే, 2.3 వోల్టులు తిన్న అతుకు నిరోధం 2.3 ÷ 100, అంటే 0.023 ఓము. మన మీటరు తీగల సొంత నిరోధమే 0.2 లేక 0.3 ఓము ఉంటుంది. అంతకు పదో వంతు ఉన్న నిరోధాన్ని అది ఎట్లా చూపిస్తుంది? బీప్ కొడుతుంది, మంచిదే అంటుంది. అదే 0.023 ఓము 100 ఆంపియర్ల దగ్గర 230 వాట్ల వేడి పుట్టిస్తుంది. అందుకే నిరోధం కొలవడం కాదు, పని చేయిస్తూ పోయిన వోల్టేజీ కొలవాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఈ వ్యాసంలో మిగతాది మరచినా మాకు బాధ లేదు.

హెడ్‌లైటు మసకగా ఉన్నదని వాటేజీ ఎక్కువున్న బల్బులు వేసేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లకు కూడా ఇదే లెక్క. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది, అంటే వెలిగినప్పుడు దాని నిరోధం 2.4 ఓములు. దారిలో ఎక్కడో పాత స్విచ్‌లోనో ఎర్త్‌లోనో 0.5 ఓము చేరిందనుకోండి. మొత్తం 2.9 ఓములు. ప్రవాహం 4.1 ఆంపియర్లకు, బల్బుకు దక్కే వోల్టేజీ 9.9కి తగ్గుతుంది. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వెలుతురు కూడా ఆరో వంతే తగ్గుతుందని అనిపిస్తుంది. కాదు. ఫిలమెంటు బల్బులో వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుతురు చాలా ఎక్కువగా పడిపోతుంది, ఇక్కడ దాదాపు సగం. రాత్రి వేములవాడ రోడ్డు మీద ఎదురుగా గొర్రెల మందో, లైటు లేని ట్రాక్టర్ ట్రాలీయో ఉంటే ఆ సగం వెలుతురు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. అటువంటి దారికి 100 వాట్ల బల్బు వేస్తే ఏమవుతుంది? ప్రవాహం పెరుగుతుంది, అతుకులో వేడి ఇంకా పెరుగుతుంది, స్విచ్ ప్లాస్టిక్ కరుగుతుంది. బల్బు మార్చకుండా, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా రిలేకు, రిలే నుంచి హెడ్‌లైటుకు కొత్త తీగ వేస్తే అదే 60 వాట్ల బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. స్విచ్ రిలేను పని చేయించే చిన్న కరెంటును మాత్రమే మోస్తుంది.

వెనక లైట్ల విచిత్రం ఒకటి చూసే ఉంటారు. ఇండికేటర్ వేస్తే పక్కన పార్కింగ్ లైటు కూడా దానితో పాటు టపటప కొట్టుకుంటుంది. తీగలు కలిసిపోయాయని కొందరు వైరింగ్ అంతా పీకుతారు. ఆ లైట్లన్నింటికీ ఎర్త్ ఒక్కటే, అది చెడింది, అంతే. ఇంటికి పోయే బాట మూసుకుపోతే పక్కింటి పెరటిలోంచి పోయినట్టు, కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ వెదుక్కుంటుంది. లైటు డబ్బా దగ్గర ఒక్క స్క్రూ విప్పి శుభ్రం చేస్తే పోయేదానికి వైరింగ్ పీకడం అన్యాయం.

రాత్రి బాగున్న బ్యాటరీ రెండు రోజులు ఆగితే దిగిపోతుందా? అయితే అన్నీ ఆపిన తర్వాత కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతున్నది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, తీగకూ బొడిపెకూ మధ్య మొదట టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలిగితే ఎక్కువ కరెంటే పోతున్నట్టు. వెలగకపోతే మీటరును 10 ఆంపియర్ల గుర్తు మీద పెట్టి అక్కడే కలపాలి. పాత బండిలో 50 మిల్లీఆంపియర్లు మించకూడదు. మించితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ పోవాలి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలో దొంగ ఉన్నాడు. డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు 0.42 ఆంపియర్ తాగుతుంది. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని రెండు రోజులు తిరగకముందే సగం చేస్తుంది. మీటరు అట్లా కలిపి ఉండగా తాళంచెవి తిప్పవద్దు, మీటరులో ఫ్యూజ్ పోతుంది. ఆంపియర్ల గుర్తు మీద ఉన్న మీటరును బ్యాటరీ రెండు బొడిపెలకు ఎప్పుడూ అడ్డంగా పెట్టవద్దు, అది నేరుగా షార్టు చేసినట్టే.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. మన మెకానిక్కులు డైనమో అనేది నిజానికి ఆల్టర్నేటర్. 13 కంటే తక్కువ చూపిస్తే ముందు బెల్టు జారుతున్నదేమో చూడాలి, తర్వాత బ్రష్షులు, రెగ్యులేటర్. ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ తీగ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదని చెప్పే పెద్ద మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వారి అనుభవం మీద మాకు గౌరవమే, కానీ ఆ పరీక్ష వద్దు. అట్లా పీకిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. ఎంపీఎఫ్ఐ బండి అయితే కంప్యూటర్ డబ్బా కూడా పోవచ్చు. మీటరు ఉండగా ఆ సాహసం ఎందుకు?

ఫ్యూజ్ గురించి మాత్రం కఠినంగా చెబుతాము. ఫ్యూజ్ బల్బును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి ఉన్నది. 10 ఆంపియర్ల ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతుంటే దాని స్థానంలో 30 వేయడం, సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం, రాగి పోగు బిగించడం అంటే ఇక నుంచి ఫ్యూజ్ పని తీగ చేయాలని చెప్పడమే. తీగ సీట్ల కింద, పెట్రోలు పైపు పక్కన ఉంటుంది. ఫ్యూజ్ స్థానంలో అదే 21 వాట్ల టెస్ట్ ల్యాంపు కలపండి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, తీగ మాత్రం కాలదు, ఎందుకంటే బల్బు రెండు ఆంపియర్ల కంటే ఎక్కువ పోనివ్వదు. ఇప్పుడు తీగల కట్టను అక్కడక్కడ కదిలిస్తూ పొండి. ఎక్కడ కదిలిస్తే బల్బు వెలుగు మారుతుందో అక్కడే చర్మం లేచిన తీగ ఉన్నది. పల్లెల్లో వడ్ల బస్తాల పక్కన ఆగే బండ్లకు ఎలుకలు కొరికిన తీగలు మామూలే. అంతకంటే ఎక్కువగా మేము చూసింది, టేపు రికార్డర్, పెద్ద హారన్, రంగు లైట్లు పెట్టేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు. ఎండకు టేపు జిగురు కారిపోయి రాగి బయటపడుతుంది. అతుకు సోల్డర్ చేసి గొట్టం తొడగాలి, లేదా సరైన లగ్గు నొక్కాలి.

ఇంట్లో చేయకూడనివి కూడా ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు ఉన్న బండిలో పసుపు రంగు తీగల జోలికి పోవద్దు. ఇప్పటి ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు లావు తీగలు ఉంటాయి, వాటిలో వందల వోల్టులు ఉంటాయి, ప్రాణాంతకం. ఈ వ్యాసం 12 వోల్టుల పాత బండికే.

చివరగా మీకు ఒక లెక్క. హాస్టల్‌కు వచ్చే ఎవరిదైనా పాత స్కూటరు ఉంటే వారి అనుమతి తీసుకొని నిజంగానే కొలిచి చూడవచ్చు. బ్యాటరీ 12.4 వోల్టులు. హారన్ నొక్కినప్పుడు హారన్ రెండు కొసల మధ్య 9.1. బ్యాటరీ ప్లస్ నుంచి హారన్ ప్లస్ వరకు 0.5. హారన్ రెండో కొస నుంచి బ్యాటరీ మైనస్ వరకు 2.8. హారన్ 4 ఆంపియర్లు తీసుకుంటుంది అనుకుందాం. మూడూ కూడితే 12.4 వస్తున్నది కాబట్టి కొలతలు సరైనవే. తప్పు తిరిగి వచ్చే దారిలో ఉన్నది, అక్కడి నిరోధం 2.8 ÷ 4, అంటే 0.7 ఓము, అక్కడ వృథా అయ్యే వేడి 11.2 వాట్లు. ఆ దారిలో హారన్ బటన్ ఉన్నది, హ్యాండిల్ దగ్గర తీగ అతుకు ఉన్నది, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు ఉన్నది. మీటరు తర్వాతి కొలతకు రెండు కొసలు ఎక్కడెక్కడ పెట్టాలో మీరు పటం గీసి చెప్పండి.